కొట్లాట కేసుకు వకీలు ఎందుకు? ముదిగొండ నుంచి మన్యం దాకా ఒక హక్కు చరిత్ర

ఖమ్మం పక్కనున్న ముదిగొండ పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే తేదీ 2007 జులై 28. ఇళ్ల స్థలాల కోసం, సాగు భూముల కోసం సాగిన భూపోరాటంలో భాగంగా రాష్ట్ర బంద్ జరిగిన ఆ రోజు, అక్కడ పోలీసుల కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గుంపు తమ మీద దాడికి దిగిందని పోలీసులు అన్నారు. దిక్కులేని పేదల మీద తూటాలు పేల్చారని ఉద్యమకారులు అన్నారు. ఎవరు ముందు చెయ్యెత్తారన్న ఈ ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు. ముదిగొండ చెలకల నుంచి భద్రాచలం పోడు భూముల దాకా ‘దాడి’ కేసుల వెనక చాలాసార్లు ఒక భూమి తగాదా ఉంటుంది. అందుకే ఇక్కడ ముద్దాయి తరఫు వకీలు నేరస్తుడికి గొడుగు పట్టేవాడు కాడు. అతను లేకపోతే సగం కథే కోర్టుకెక్కుతుంది. తెలంగాణ చరిత్రలో దీనికి బలమైన సాక్ష్యం ఉంది.

ముందు కొట్లాట కేసు తీరు చూడాలి. గట్టు దగ్గర ఇద్దరు కలబడతారు. ముందు ఠాణాకు చేరినవాడు ఫిర్యాదుదారు, ఆలస్యంగా చేరినవాడు ముద్దాయి. రెండోవాడు కూడా ఫిర్యాదిస్తే అది కౌంటర్ కేసు. మామూలు దెబ్బయితే పాత శిక్షాస్మృతిలో 323, ఆయుధంతో కొడితే 324, ఎముక విరిగితే 325, చంపబోయాడంటే 307. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఈ అంకెలు మారాయి గానీ మెట్లు దాదాపు అవే. ఏ మెట్టు మీద నిలబెడతారన్నదాన్ని బట్టే బెయిలు, శిక్ష, రాజీ అవకాశం అన్నీ మారిపోతాయి. గొడ్డలితో నరికాడని ఫిర్యాదులో ఉంటుంది, డాక్టరు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్లో మొద్దు వస్తువు తగిలిన కమిలిక మాత్రమే ఉంటుంది. పొద్దున జరిగిన గొడవకు ఎఫ్ఐఆర్ మర్నాటికి గానీ మేజిస్ట్రేటు దగ్గరికి చేరదు. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి, బోనులోని సాక్షిని ఒక్కో ప్రశ్నా అడగడం చదువురాని రైతు కూలికి చేతనయ్యే పని కాదు. తన ప్రాణం కాపాడుకోవడానికి తిరగబడ్డవాడికి ఆత్మరక్షణ హక్కును చట్టమే ఇచ్చింది. కానీ ఆ హక్కు ఒకటుందని తెలియనివాడు ‘కొట్టాను’ అని ఒప్పుకుని అక్కడితో ఆగిపోతాడు.

వకీలు లేకపోతే ఎంత దూరం పోతుందో 1949లో తెలంగాణ చూసింది. సాయుధ పోరాటం ఖమ్మం, మధిర ప్రాంతాల్లోనూ రగిలిన రోజులవి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సైనిక ప్రభుత్వం ప్రత్యేక ట్రిబ్యునళ్లు వేసి హత్యారోపణలను విచారించింది. పన్నెండు మందికి ఉరిశిక్ష పడింది. తమకు వకీలును పెట్టుకునే అవకాశమే ఇవ్వలేదని వాళ్లు సుప్రీంకోర్టుకెక్కారు. ఇంగ్లాండు నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చి వాళ్ల తరఫున వాదించాడు. వకీలు సాయం లేకుండా ఉరిశిక్ష వేయడం అన్యాయమని అమెరికా సుప్రీంకోర్టు 1932లోనే, స్కాట్స్‌బరో నల్లజాతి కుర్రవాళ్ల కేసులో చెప్పింది. మన కోర్టు 1951లో జనార్దన్ రెడ్డి కేసులో అంత దూరం పోలేదు. ఉరి కేసులో ముద్దాయికి వకీలు లేనంత మాత్రాన విచారణ దానంతటదే చెల్లకుండా పోదని తేల్చింది. విచారణ నాటికి రాజ్యాంగం అమల్లోకి రాలేదు కాబట్టి దాని హామీలు వెనక్కి వర్తించవన్నది. చివరికి ఆ ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. ప్రాణాలు దక్కాయి గానీ ప్రశ్న మిగిలిపోయింది: వకీలు ఉండటం దయా, హక్కా?

జవాబు రావడానికి పాతికేళ్లకు పైనే పట్టింది. 1973 నేర విచారణ స్మృతి, సెషన్స్ కేసులో వకీలును పెట్టుకోలేనివాడికి ప్రభుత్వ ఖర్చుతో ఏర్పాటు చేయాలన్నది. 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో 39-ఏ అధికరణాన్ని చేర్చింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు ఉచిత న్యాయ సహాయాన్ని జీవించే హక్కులో భాగం చేసింది. 1986లో సుక్ దాస్ కేసులో, వకీలు లేకుండా పడిన శిక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది. ముద్దాయి అడగలేదన్న సాకు చెల్లదన్నది. 1951లో తెలంగాణ ఖైదీలకు దొరకనిది అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన మనిషికి దొరికింది. 1987 న్యాయ సేవల చట్టం ఇంకో అడుగు వేసి ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సాయం ఇచ్చింది. 1959 దాకా ఆంధ్ర వైపున్న భద్రాచలానికీ, నిజాం ఏలుబడి చూసిన ముదిగొండకూ కోర్టుల అనుభవం వేరువేరు. ఈ చట్టం కింద కోయ రైతుకూ దళిత కూలికీ ఒకే తలుపు తెరుచుకుంది.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరు హత్యకు గురయ్యాడు. అలాంటి ఘోరం చేసినవాళ్లకు వకీలెందుకని జనం అడగడం సహజం. కానీ వకీలు సాయంతో సాగిన విచారణలో పడిన శిక్షే పై కోర్టులో నిలుస్తుంది. లేకుండా పడిన శిక్ష ఏళ్ల తర్వాత కూలిపోతే ముందుగా మోసపోయేది చనిపోయినవాడి కుటుంబమే. ఊరి పెద్దమనుషులు తేల్చరా అని ఇంకొందరంటారు. చిన్న దెబ్బల కేసులో రాజీ మంచిదే. కానీ భూమీ పలుకుబడీ ఉన్నవాడు పెద్దమనిషి అయిన చోట కూలివాడి వైపు మాట్లాడేదెవరు? ఉచిత వకీలు శ్రద్ధ పెట్టడన్న ఫిర్యాదులోనూ నిజముంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికే 2022 నుంచి జిల్లాల్లో జీతం మీద పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి మొదలైంది. దాన్ని గట్టిపరచాలి తప్ప హక్కునే తేలిక చేయకూడదు.

చట్టం ఇచ్చిన సాయం అందాల్సింది శిక్ష పడ్డాక కాదు, అరెస్టయిన రోజే. మొదటి వాంగ్మూలం, మొదటి రిమాండు, గాయాల సర్టిఫికెట్ తయారయ్యేది ఆ తొలి గంటల్లోనే. అందుకే ముదిగొండలోనైనా, చర్లలోనైనా, దుమ్ముగూడెంలోనైనా ఠాణా గడప తొక్కిన ప్రతి ముద్దాయికి అతని భాషలో ఒక్క మాట ముందుగా చెప్పాలి: నీకు వకీలును పెట్టుకునే హక్కుంది, డబ్బు లేకపోతే ప్రభుత్వం పెడుతుంది. ఆ మాట కోయ గూడేల దాకా చేరినప్పుడే, ఉరికంబం నీడలో నిలబడి ఆ పన్నెండు మంది వేసిన ప్రశ్నకు ఈ నేల మీద పూర్తి జవాబు దొరికినట్టు.