షాపింగుకెళ్తే అరెస్టు

మా అమ్మ కోఠీకి బయల్దేరే ముందు మంచినీళ్ళు తాగదు. మే నెల అయినా సరే. చిన్నప్పుడు అదేదో అలవాటనుకున్నా. సుల్తాన్ బజార్లో నాలుగు గంటలు తిరిగే ఆడవాళ్ళు అవసరమైతే ఎక్కడికెళ్తారన్న ఆలోచనే నాకు రాలేదు. నాకు ఏ గోడైనా సరిపోయేది మరి (సిగ్గుపడాల్సిన విషయమే లెండి).

ఆన్‌సైట్‌కి లండన్ వెళ్ళినప్పుడు అక్కడి షాపుల చరిత్ర చదువుతుంటే తెలిసింది, ఈ గొడవ మనొక్కళ్ళదే కాదని.

1887 జూన్ 28. విక్టోరియా రాణి గోల్డెన్ జూబిలీ నెల. ఎలిజబెత్ కాస్ అనే బట్టలు కుట్టే అమ్మాయి పని ముగించుకుని రాత్రిపూట ఒక్కతే రీజెంట్ స్ట్రీట్‌కి వెళ్ళింది. ఎండకాట్ అనే కానిస్టేబులు, దారినపోయే మగవాళ్ళని పిలుస్తోందంటూ ఆమెని అరెస్టు చేశాడు. ఆమె యజమానురాలు కోర్టుకొచ్చి మంచి అమ్మాయని చెప్పింది. మేజిస్ట్రేటు వదిలేశాడు గానీ ఊరికే కాదు. మర్యాదస్తురాలివైతే రాత్రి ఆ వీధిలో నడవకు, నడిస్తే జరిమానో జైలో తప్పదని హెచ్చరించి మరీ! అంటే ఏదో చేసిందని కాదు, అక్కడ ఉండటమే నేరమన్నమాట. దీనిమీద పార్లమెంటులో రగడై జూలై 5న ఓటింగులో ప్రభుత్వమే ఓడింది. ఎండకాట్‌పై అబద్ధపు సాక్ష్యం కేసు పెట్టారు, నిలబడలేదు.

అంతకుముందు 1872లో విలియం వైట్లీ తన పెద్ద షాపులో భోజనశాల పెట్టి, వైన్ అమ్మడానికి లైసెన్సు అడిగితే ఇవ్వలేదు. ఆడవాళ్ళు షాపింగు పేరుతో వచ్చి ఎవర్నైనా కలుసుకుంటారేమోనని భయం.

ఇక టాయిలెట్ల సంగతి. 1900 ప్రాంతంలో నాటక రచయిత బెర్నార్డ్ షా సెయింట్ పాంక్రాస్ స్థానిక పాలకసంఘంలో సభ్యుడు. కామ్డెన్‌లో ఆడవాళ్ళకో టాయిలెట్ కట్టాలంటే ఎంత గొడవో! రోడ్డుకి అడ్డమవుతుందో లేదో చూద్దామని చెక్కతో నమూనా నిలబెడితే, బండ్లవాళ్ళు కావాలని వచ్చి దాన్ని గుద్దారట. టెస్టింగులో కావాలని ఫెయిల్ చేయించడమంటే ఇదే.

1909 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో సెల్ఫ్రిడ్జెస్ తెరిచారు. కూర్చోడానికి గదులు, లైబ్రరీ, రెస్టారెంటు, టాయిలెట్లు, ఏమీ కొనకపోయినా తిరిగే వీలు. సెల్ఫ్రిడ్జ్ దీన్ని పుణ్యానికేం చెయ్యలేదు, ఎక్కువసేపుంటే ఎక్కువ కొంటారు. కానీ వీధి ఇవ్వని చోటు షాపు ఇచ్చింది, జేబులో డబ్బున్నట్టు కనిపించేవాళ్ళకి. కాస్ లాంటి కుట్టుపని అమ్మాయికి ఎంత దొరికేదో అనుమానమే. మూడేళ్ళకే, 1912 మార్చిలో, ఓటుహక్కు అడుగుతున్న ఆడవాళ్ళు సుత్తులతో వచ్చి వెస్ట్ ఎండ్ షాపుల అద్దాలు పగలగొట్టారు.

మొన్నామధ్య అమ్మ కోఠీ వద్దు, మాల్‌కి పోదామంది. అక్కడ అన్నీ రెట్టింపు ధరలని గొణిగాను.

"అక్కడైతే నీళ్ళు తాగొచ్చురా" అంది.