ఫిల్మునుంచి డిజిటల్‌కు – చరిత్ర ఎవరి చేతిలో వుంటుంది?

ఫిల్ము కాలం చెల్లింది. 2012 జనవరిలో కోడక్ కంపెనీ దివాలా రక్షణ కోరి కోర్టుకెక్కింది. 2013లో ఫుజీ కంపెనీ సినిమాలు తీసే ఫిల్ము తయారీ మానుకుంది. మన దేశంలో కూడా పట్టుమని పదేళ్లలో సినిమాహాళ్లకు రీళ్ల పెట్టెలు రావడం ఆగిపోయి, డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాయి. ఫిల్ముమీద తీసేవాళ్లు ఈనాటికీ లేకపోలేదుగాని, వాళ్లు మినహాయింపులు మాత్రమే. సినిమాతోపాటు సభల్లో, ఊరేగింపుల్లో తీసిన ఫొటోలూ, పాత పత్రికల మైక్రోఫిల్ములూ అన్నీ అంకెలుగా మారిపోతున్నాయి.

ఈ మార్పును గురించి మన విద్యార్థుల్లోనూ, ఉపాధ్యాయుల్లోనూ రెండు రకాల అభిప్రాయాలు వినవస్తున్నాయి. ఫిల్ము శాశ్వతమైనదనీ, డిజిటల్ నీటిమీద రాత అనీ కొందరు బెంగపెట్టుకుంటున్నారు. డిజిటల్ ప్రతి అరగదు, తగలబడదు, చెదలు పట్టదు, కాబట్టి చరిత్ర ఇన్నాళ్లకు భద్రమైందని మరికొందరు సంతోషిస్తున్నారు. రెంటిలోనూ కొంత నిజం వుంది. కాని రెండూ వస్తువు గుణాన్ని గురించే మాట్లాడతాయి. ఆ వస్తువు ఎవరి చేతిలో వుంది, దాన్ని కాపాడే ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ఎందుకోసం భరిస్తున్నారు అన్న ప్రశ్న రెండు పక్షాలవాళ్లూ వేసుకోరు. చరిత్ర చదివేవాడికి మొట్టమొదట కావలసింది ఆ ప్రశ్నేనని నా ఉద్దేశం.

ముందుగా, ఫిల్ము శాశ్వతమనే భ్రమను తొలగించుకోవాలి. 1950 దశకం తొలినాళ్లదాకా సినిమాలకు వాడింది నైట్రేటు ఫిల్ము. దానికి నిప్పంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. మండడానికి కావలసిన ప్రాణవాయువు దానిలోనే వుంటుంది గనుక నీళ్లలో ముంచినా మండుతుంది. తర్వాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము తగలబడదుగాని, వేడికీ చెమ్మకూ పులిసిపోతుంది. పెట్టె మూత తీస్తే వెనిగర్ వాసన కొడుతుంది. ఫిల్ము ముడుచుకుపోయి, పెళుసెక్కిపోతుంది. 2003 జనవరి 8న పూనా ఫిల్ము ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోని గిడ్డంగిలో మంటలు లేచి, 600 పైచిలుకు చిత్రాలకు సంబంధించిన నైట్రేటు రీళ్లు బూడిదైనాయి.

అయితే మన సినిమాల్ని పొట్టనబెట్టుకున్నది ఒక్క నిప్పూ చెమ్మా మాత్రమే కాదు. ఫిల్ముమీద బొమ్మను నిలిపేది వెండి. ఆట ఆడి, డబ్బు రాబట్టుకోవడం పూర్తయిన చిత్రం యజమాని దృష్టిలో చచ్చిన సరుకు. దానిలో మిగిలిన విలువల్లా ఆ కాస్త వెండే. అంచేత పాత ప్రింట్లను కడిగి వెండి తీసుకుని, మిగిలిన సెల్యులాయిడును పాతసామాన్లవాళ్లకు అమ్మేశారు. మన మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. దాని రీళ్లు కొన్ని ఆ చిత్రం తీసిన ఆర్దేషిర్ ఇరానీ ఇంట్లోనే వుండేవనీ, వాటినికూడా వెండికోసమే వదిలించుకున్నారనీ జాతీయ ఫిల్ము ఆర్కైవును పెంచి పెద్దచేసిన పి. కె. నాయర్ చెప్పేవాడు. ఈనాడు ఆ చిత్రం ప్రతి ఒక్కటీ లేదు. దేశంలో 1300 పైచిలుకు మూకీలు తయారైతే, సంపూర్ణంగానో ముక్కలుగానో మిగిలినవి ముప్ఫైకి అటూ ఇటూ మాత్రమే. ఇది మన వెనకబాటుతనం అనుకోనక్కరలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, ఫ్రెంచి సైన్యం జార్జి మెలియే చిత్రాల్ని స్వాధీనం చేసుకుని, వాటి సెల్యులాయిడుతో బూట్లకు మడమలు చేయించింది. కళకంటే వెండి విలువైనదని వ్యాపారం లెక్కకట్టింది. బూటు విలువైనదని యుద్ధం లెక్కకట్టింది.

ఈ నష్టం చరిత్రకు ఏం చేస్తుందో తెలుసుకోవడానికి తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ సంగతి చూస్తే చాలు. హెచ్. ఎం. రెడ్డి తీసిన ఆ చిత్రం ఈనాడు లేదు. అది పోవడంతో దాని పుట్టినరోజుకూడా తారుమారైంది. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు రాసుకున్నాం, ఉత్సవాలు చేసుకున్నాం. పాత పత్రికల్లోని ప్రకటనలూ, సెన్సారు వివరాలూ వెతికి పాత్రికేయుడు రెంటాల జయదేవ అసలు విషయం బయటపెట్టాడు: 1932 జనవరి 22న సెన్సారు అయింది, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైంది. అంటే చిత్రం పోయినా, దాని చుట్టూ వున్న కాగితం ఎక్కడో మిగిలివుండబట్టి అబద్ధం దొరికిపోయింది. ఏ ఒక్క రికార్డునూ నమ్ముకోకుండా, ఒకదానితో మరొకదాన్ని సరిచూసుకునే వీలుంటేనే చరిత్ర శాస్త్రమవుతుంది. ఆ వీలు లేకపోతే అది పుక్కిటి పురాణం.

మరి ఫిల్ముకు గొప్పతనమేమీ లేదా? వుంది. ఫిల్ము నిర్లక్ష్యాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. చల్లని చోట పడివుంటే, ఎవరూ పట్టించుకోకపోయినా, దశాబ్దాలపాటు బతికివుంటుంది. బయటికి తీసి వెలుతురుకెదురుగా పట్టుకుంటే బొమ్మ కంటికి కనిపిస్తుంది; దాన్ని చూడ్డానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. 1978లో కెనడాలోని డాసన్ పట్నంలో మంచుగడ్డ కట్టిన నేలలో పూడ్చిపెట్టిన 533 రీళ్లు బయటపడ్డాయి. 1928లో డ్రయర్ తీసిన ‘జోన్ ఆఫ్ ఆర్క్’ చిత్రం అసలు ప్రతి 1981లో నార్వేలోని ఒక మానసిక వైద్యశాల అలమారలో దొరికింది. మన దక్షిణాది మూకీ ‘మార్తాండవర్మ’ కథ మరీ విచిత్రం. 1933లో విడుదలైన ఆ చిత్రంమీద నవల హక్కులున్న ప్రచురణకర్తలు దావా వేశారు. చిత్రం జప్తు అయింది. జప్తు కావడంవల్లనే అది ఊరూరా తిరిగి అరిగిపోకుండా, వెండికోసం కరిగిపోకుండా మిగిలి, 1974లో ఆర్కైవుకు చేరింది. ఆడిన చిత్రాలు పోయాయి. ఆడకుండా ఆపిన చిత్రం మిగిలింది!

ఈ ఉదాహరణలనుంచి ఒక విషయం గ్రహించాలి. యజమానికి అక్కర్లేనిది, అధికారికి కిట్టనిది, మార్కెట్టు పారేసింది కూడా ఫిల్ము రూపంలోనైతే ఏ మూలనో దాక్కుని బతకడానికి అవకాశం వుండేది. పేదవాడి చరిత్ర, ఓడినవాడి చరిత్ర ప్రపంచంలో చాలావరకు ఈ విధంగానే మిగిలింది.

డిజిటల్ రికార్డుకు ఈ అవకాశం బహుతక్కువ. అది అంకెల వరస. దాన్ని చదవడానికి యంత్రం కావాలి, ఆ యంత్రానికి తగిన ప్రోగ్రాము కావాలి. రెండూ లాభంకోసం నడిచే కంపెనీల సరుకులు. కొన్నేళ్లకోసారి పాతవి పోయి కొత్తవి వస్తాయి. ఆర్కైవుల్లో వాడే ఎల్‌టీవో టేపుల్నే తీసుకోండి. కొత్త తరం యంత్రం వెనకటి టేపుల్ని ఒకటి రెండు తరాలకు మించి చదవదు. కాబట్టి కొన్నేళ్లకోసారి మొత్తం భాండారాన్ని పాత టేపులనుంచి కొత్త టేపులకు ఎక్కించుకుంటూ పోవాలి. ఒక్క విడత బడ్జెటు రాకపోతే గొలుసు తెగిపోతుంది. బ్రిటన్‌లో బీబీసీ 1986లో, రాజు భూములు లెక్కరాయించిన డూమ్స్‌డే పుస్తకానికి 900 ఏళ్లు నిండిన సందర్భంలో, దేశ జనజీవితాన్నంతా రెండు లేజర్ డిస్కుల్లోకి ఎక్కించింది. 16 ఏళ్లు తిరిగేసరికి వాటిని ఆడించే యంత్రాలు కరువై, అందులో ఏముందో చదవడానికి పరిశోధకులు ప్రత్యేకంగా పూనుకోవలసివచ్చింది. 1086 నాటి చర్మపత్రాల పుస్తకం మాత్రం, ఆ భాష వచ్చినవాడు ఇప్పటికీ చదువుకోవచ్చు.

ఇక ఖర్చు మాట. 2007లో హాలీవుడ్ ఆస్కార్ అకాడమీవారే లెక్కవేశారు. ఒక చిత్రం మూలప్రతిని ఫిల్ముగా కాపాడ్డానికి ఏడాదికి 1,059 డాలర్లూ, డిజిటల్‌గా కాపాడ్డానికి 12,514 డాలర్లూ అవుతుందని తేల్చారు. పన్నెండు రెట్లకు కాస్త తక్కువ! ఆ తర్వాత డిస్కుల ధరలు తగ్గిన మాట నిజమే. కాని అసలు విషయం అంకెలో లేదు, ఖర్చు స్వభావంలో వుంది. ఫిల్ముకు గదీ, చల్లదనమూ ఒకసారి ఏర్పాటుచేస్తే ఖర్చులో పెద్దభాగం తీరుతుంది. డిజిటల్‌కు నిరంతరం డబ్బు పోస్తూనే వుండాలి. నిరంతరం డబ్బు పొయ్యగలిగిన వాళ్లెవరు? కంపెనీలూ, ప్రభుత్వాలూను. అంటే ఏది మిగలాలో, ఏది పోవాలో ప్రతి బడ్జెటులోనూ వాళ్లే మళ్లీ మళ్లీ తేలుస్తారు. వెనక వెండికోసం ఫిల్ము కడిగారు. తర్వాత టేపు ఖరీదైనదని 1960, 70 దశకాల్లో బీబీసీ తన పాత కార్యక్రమాల్ని చెరిపి, వాటిమీదే కొత్తవి రికార్డు చేసింది. ఈనాడు డిస్కులో చోటుకోసం చెరపవచ్చు. వస్తువు మారింది, లెక్క మారలేదు.

ఇంకొక ప్రమాదం వుంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ జమీందార్ల ఆగ్రహానికి గురై, నిషేధానికి పాలైంది. దానికి పెట్టుబడి పెట్టింది చల్లపల్లి జమీందారే కావడం మన చరిత్రలోని చమత్కారం. ఆ కాలంలో ఒక చిత్రాన్ని ఆపాలంటే హాలు హాలు దగ్గరా ఆజ్ఞ అమలుపరచాలి. ఆపినా పెట్టెలు ఎక్కడో ఒకచోట వుంటాయి. 2023 డిసెంబరులో సెన్సారు పొంది విడుదలైన ‘అన్నపూరణి’ అనే తమిళ చిత్రంమీద మతభావాలు గాయపడ్డాయని ఫిర్యాదులు వచ్చాయి. 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌నుంచి దాన్ని తొలగించారు. ఒకచోట మీట నొక్కితే అన్ని ఇళ్లలోనూ ఒకేసారి మాయమైంది. చందా కట్టినవాడి చేతిలో వున్నది చిత్రం కాదు, చూడ్డానికి తాత్కాలికంగా ఇచ్చిన అనుమతి మాత్రమేనన్నమాట.

ఇంతమాత్రంచేత డిజిటల్‌ను తిట్టిపోసి, రీళ్లపెట్టెలకు దండం పెట్టమని నేను చెప్పడంలేదు. యంత్రాన్ని ద్వేషించడం అభ్యుదయం కాదు. ఫిల్మును నకలు తీసినకొద్దీ బొమ్మ మసకబారుతుంది; అంకెల్ని ఎన్నిసార్లు నకలు తీసినా చెక్కుచెదరవు. 2000 ఆగస్టులో హైదరాబాదు వరదల్లో సుందరయ్య విజ్ఞానకేంద్రంలోని అపురూపమైన ఉర్దూ పుస్తకాలు వేలసంఖ్యలో నీట మునిగాయి. ఒకేచోట వున్న ఒకే ప్రతి ఎంత అమూల్యమో అంత ప్రమాదంలో వుంటుందని ఆ వరద నేర్పింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యాన పాత తెలుగు పుస్తకాలు వేలకువేలు ఏ చిన్న ఊళ్లోని విద్యార్థికైనా ఉచితంగా అందాయి. అక్షరాలు వంకరపోయినా, పేజీలు జారిపోయినా, అది అక్షరాలా ప్రజలకు మేలుచేసిన పని. కొన్నేళ్లకు ఆ ప్రభుత్వ కేంద్రంనుంచి పుస్తకాలు అందడం ఆగిపోయింది. అయినా పుస్తకాలు పోలేదు. ఎందుచేత? అంతకుముందే వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులోకీ, వ్యక్తుల డిస్కుల్లోకీ చేరాయి. 1998లో పిక్సార్ కంపెనీలో ‘టాయ్ స్టోరీ 2’ చిత్రం కంప్యూటర్లనుంచి పొరపాటున చెరిగిపోయినప్పుడు దాన్ని రక్షించింది కూడా ఒక ఉద్యోగిని ఇంట్లో వున్న ప్రతే. డిజిటల్ బలమంతా పలుచోట్ల, పలుచేతుల్లో ప్రతులుండడంలో వుంది. సరిగ్గా ఆ బలాన్నే తాళాలతోనూ, చందాలతోనూ, కాపీహక్కులతోనూ ప్రజలకు దక్కకుండా చేస్తున్నారు. ఉత్పత్తి సాధనం నకళ్లను సులభం చేసింది. ఆస్తి సంబంధం వాటిని నేరం చేసింది. మన ఆందోళన గురిపెట్టవలసింది ఈ వైరుధ్యంమీద.

1964లో పూనాలో నెలకొన్న జాతీయ ఫిల్ము ఆర్కైవును 2022లో ఫిల్ము అభివృద్ధి కార్పొరేషనులో కలిపేశారు. అదే సంవత్సరం 363 కోట్ల రూపాయలతో 2,200 చిత్రాల్ని బాగుచేయిస్తామని ప్రకటించారు. బాగుచెయ్యడం మంచిదే. కాని చిత్రాన్ని మెరుగుపెట్టి ఉత్సవంలో ప్రదర్శించడం వేరు, దాన్ని వందేళ్లపాటు కాపాడడం వేరు. రెండోపనికి చప్పట్లు వుండవు. వ్యాపారం చెయ్యవలసిన కార్పొరేషనుకు చప్పట్లులేని పని ఎంతకాలం ముద్దవుతుందో ఆలోచించవలసిందే.

పుస్తకం అచ్చయితే ప్రతుల్ని నాలుగు గ్రంథాలయాలకు ఇచ్చితీరాలని 1954లోనే చట్టం చేసుకున్నాం. సినిమాలకు అటువంటి సార్వత్రిక చట్టం లేదు. అది కావాలని అడగాలి. డిజిటల్‌గా పుట్టిన ప్రతి చిత్రానికీ తాళాలులేని ఒక ప్రతి ప్రజల ఆర్కైవుకు చేరాలి. ముఖ్యమైనవాటిని ఫిల్ముమీదకు కూడా ఎక్కించి దాచాలి. ఆ ఆర్కైవు లాభనష్టాల లెక్కతో నిమిత్తం లేకుండా నడవాలి. ఇది ప్రభుత్వం చెయ్యవలసిన పని. మన పని మరొకటుంది. మన సంఘాల మహాసభల ఫొటోలూ, సమ్మెల వీడియోలూ, నాటకాల రికార్డింగులూ ఇవాళ ఎవరి ఫోనుల్లో వున్నాయి? ఫోను పాడైతే ఏమవుతాయి? ప్రతి శాఖా వాటికి తేదీ, ఊరు, సందర్భం రాయించి, మూడు వేరువేరు ఊళ్లలో మూడు ప్రతులు పెట్టించి, ఏడాదికోసారి తెరిచి చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఫిల్ము మన నిర్లక్ష్యాన్ని కొంతకాలం భరించింది. డిజిటల్ భరించదు. ప్రజలు తమ చరిత్రను తామే కాపాడుకోకపోతే, రేపు మన కాలాన్ని గురించి రాసేవాడికి దొరికేది కంపెనీ ఉంచదలుచుకున్నదీ, ప్రభుత్వం చూపదలుచుకున్నదీ మాత్రమే.