ఇంటి బాయిలర్ పొగ కొలత

నీళ్లు కాచే, లేదా గదులు వెచ్చబరిచే ఇంటి బాయిలర్ నుంచి వెలువడే సూక్ష్మ ధూళిని, కార్బన్ మోనాక్సైడ్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను లెక్కగట్టే పని. చలి దేశాల్లో ఇది ఇల్లు వెచ్చబరిచే యంత్రాల మాట. అద్దంకి వైపు పత్తి, మిరప పండే మెట్ట ఊళ్లలో దీనికి దగ్గరిది స్నానానికి నీళ్లు కాచే రాగి బాయిలర్. నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్లు, అడుగున బూడిద రాలే ఊచలు. పత్తికట్టె, మిరపకట్టె, సర్కారు తుమ్మ పుల్లలు ముక్కలు చేసి వేస్తారు. పంట కట్టెలో కలప కన్నా బూడిద, పొటాషియం సాధారణంగా ఎక్కువ కాబట్టి కలపకు వచ్చిన అంకెలు దీనికి సరిపోవు.

ఐరోపా సమాఖ్య 2015లో చేసిన, 2020 జనవరి 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం చేత్తో కట్టె వేసే బాయిలర్ పొగలో ధూళి ఘనపు మీటరుకు 60 మిల్లీగ్రాములు, తనంతట తాను వేసుకునేదానిలో 40 మించకూడదు. ఇవి మంట నిలకడగా ఉన్నప్పటి కొలతలు. రాగి బాయిలర్‌లో మంట ఉండేదే కాసేపు. అందులో రాజుకునే దశకే పొగ ఎక్కువ. పైగా వేడి గొట్టంలోనే వడపోత కాగితం పెడితే తారు ఆవిరిగా జారిపోతుంది. పొగను గాలితో కలిపి చల్లార్చి పట్టినప్పుడే అది ధూళిగా మారి కాగితం మీద తూకానికి వస్తుంది. గాలి పాళ్లను బట్టి ఫలితం మారుతుందన్న అభ్యంతరం నిజమే; యంత్రాలను పోల్చడానికి వేడి కొలత చాలవచ్చు. కానీ మనిషి పీల్చేది చల్లారిన పొగ గనుక రెండో పద్ధతే మేలనిపిస్తుంది.

బాయిలర్ పెరట్లో ఉంటుంది కదా, పొగ గాలిలో పోతుందనేవారూ ఉన్నారు. ఇంట్లోనే నిలిచే వంటింటి పొగతో పోలిస్తే వారి మాటలో బలముంది: 2004లో వెలువడిన అధ్యయనం నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల గ్రామీణ ఇళ్లలో 24 గంటల సగటు ధూళిని గ్యాస్ వాడే చోట ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములుగా, కట్టె, పిడకల వంటివి వాడే ఇళ్లలో 732 వరకు చూపింది, వంటగది తీరును బట్టి అంకె మారింది. అయినా బయటికి పోయిన పొగ మాయమైపోదు. 2015 నాటి లెక్కలతో 2018లో వచ్చిన అంచనా దేశంలో గాలిలోని సూక్ష్మ ధూళి (పీఎం 2.5)లో దాదాపు నాలుగో వంతు ఇళ్లలో కాల్చే కట్టె, పిడకల నుంచేనంది. కాబట్టి గదిలో గాలిని చూడడం చాలదు, గొట్టం నుంచి వెలువడేదే కొలవాలి. పొయ్యిలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 13152 నీళ్లకు చేరిన వేడిని బట్టి ధూళిని లెక్కిస్తుంది. రాగి బాయిలర్‌కూ అదే కొలమానం తీసుకుని, అగ్గిపుల్ల గీసినప్పటి నుంచి నిప్పు ఆరేదాకా లెక్కించడం సముచితం.