ఫైళ్లు చెరిపింది ఎవరు? పాత యూనిక్స్‌లో ఒక నంబరు కథ

ఈ రోజు రాజుల కథ కాదు, యుద్ధాల కథ కాదు. ఫోన్‌లో ఒక్క నొక్కుతో ఫైల్ షేర్ చేసేస్తారు కదా మీరు, ఆ షేరింగ్ మొదట్లో ఎలా ఉండేదో చెప్తాను. దానివల్ల మా రాజమండ్రిలో ఒక కుర్రాడు చెయ్యని తప్పుకి మాట పడ్డాడు. ఆ తప్పు నాది.

ముందు కాస్త చరిత్ర. 1982లో అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ మొదలైంది. పెట్టినవాళ్లలో మన దేశంలో పుట్టిన వినోద్ ఖోస్లా ఒకరు. అప్పట్లో డిస్కులు చాలా ఖరీదు. ప్రతి కంప్యూటర్‌కీ పెద్ద డిస్కు కొనేకంటే, ఫైళ్లన్నీ ఒక సర్వర్‌లో పెట్టి మిగతావాటికి నెట్‌వర్క్ మీద అందిస్తే సరిపోతుంది కదా? ఆ ఆలోచనతో 1984లో తయారైందే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అంటే ఎన్ఎఫ్ఎస్. సన్ వాళ్లు దాని నియమాలు దాచుకోలేదు. 1989లో అవి ఆర్ఎఫ్‌సీ 1094 పేరుతో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అందుకే అది రకరకాల యూనిక్స్‌లలోకి పాకింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. యూనిక్స్ మనిషిని పేరుతో గుర్తుపట్టదు, యూఐడీ అనే నంబరుతో గుర్తుపడుతుంది. పాత ఎన్ఎఫ్ఎస్‌లో మీ కంప్యూటర్ "ఈయన 114" అని చెప్తే సర్వర్ నమ్మేసేది. పుష్కర ఘాట్ దగ్గర చెప్పుల స్టాండ్ చూశారా? టోకెన్ చూస్తారు గానీ మొహం చూడరు. ఇద్దరికి ఒకే నంబరు టోకెన్ ఇస్తే ఏమవుతుంది? ఒకళ్ల చెప్పులు ఇంకొకళ్లు తొడుక్కుని వెళ్లిపోతారు.

నేను చేసింది సరిగ్గా అదే.

1999లో నేను ఒక కాలేజీ ల్యాబ్‌లో అసిస్టెంట్‌ని. ఒక యూనిక్స్ సర్వర్, దానికి కలిపిన పది పన్నెండు కంప్యూటర్లు. కొత్తగా ఒక కంప్యూటర్ వస్తే, హాజరు పట్టీ ముందు పెట్టుకుని వరసగా అకౌంట్లు తయారుచేశాను. సర్వర్‌లో వరస వేరు. అక్కడ 114 ఒక అమ్మాయిది. కొత్త కంప్యూటర్‌లో 114 ఒక అబ్బాయిది అయింది.

ఓ రోజు ఆ అబ్బాయి వచ్చి, "సార్, నా ఫైల్ సేవ్ అవ్వట్లేదండి" అన్నాడు. నేను తల కూడా ఎత్తలేదు. "డిస్కు నిండిపోయుంటుంది, నీ పేరు మీదున్న పాతవి తీసెయ్" అన్నాను. అతను ఫైండ్ కమాండ్‌తో తన పేరు మీదున్నవన్నీ వెతికి తీసేశాడు. ఆ కంప్యూటర్ అతని పేరుతో చూపించినవి ఆ అమ్మాయి ఫైళ్లు. మూడు నెలల ప్రాజెక్టు. మా టేపు బ్యాకప్ ఏమో మూడు వారాల కిందటిది.

"కావాలనే చేశాడు" అన్నారు అందరూ. కుర్రాడు "నా పేరే చూపించిందండీ" అని ఏడుస్తున్నా ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

అప్పుడు పుస్తకంలో ఉన్న తనిఖీలన్నీ చేశాను. పింగ్ కొడితే సర్వర్ పలికింది. ఆర్‌పీసీఇన్ఫోతో చూస్తే సర్వీసులు నడుస్తున్నాయి. షోమౌంట్‌తో చూస్తే షేర్ చేసిన ఫోల్డర్లు కనిపించాయి. అన్నీ బాగానే ఉన్నాయి! నాలుగో రోజు రాత్రి ఎల్ఎస్ కమాండ్‌కి ఎన్ తగిలించి కొట్టాను. అలా కొడితే పేర్ల బదులు నంబర్లు వస్తాయి. రెండు కంప్యూటర్లలోనూ నంబరు ఒక్కటే, 114. పేర్లు మాత్రం వేరు. నా ఒళ్లు చల్లబడిపోయింది.

పొద్దున్నే వెళ్లి తప్పు నాదని చెప్పేశాను. ఆ అమ్మాయి పాత టేపు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఆ అబ్బాయి ఆ తర్వాత నాతో సరిగా మాట్లాడలేదు. అతన్నేమీ అనలేను.

దీనికి మందు ముందే ఉందండి. సన్ వాళ్లే యెల్లో పేజెస్ అనే వ్యవస్థ చేశారు. పేర్లు, నంబర్లు ఒకేచోట ఉంటాయి, అన్ని కంప్యూటర్లూ అక్కడే అడుగుతాయి. ఆ పేరు బ్రిటన్‌లో బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్క్ కావడంతో ఎన్ఐఎస్‌గా మార్చారు. కమాండ్లు మాత్రం ఇప్పటికీ వైపీతోనే మొదలవుతాయి. మేము దాన్ని పెట్టుకోలేదు, అంతే. 2000లో వచ్చిన ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్ నంబర్ల బదులు పేర్లు పంపే పద్ధతి, కెర్బెరోస్ లాంటి గట్టి తనిఖీ తెచ్చింది.

ఇంతకీ ఆ యూఐడీ ఎక్కడికీ పోలేదు, మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ మామూలుగా ప్రతి యాప్‌కీ ఒక్కో యూఐడీ ఇస్తుంది. ఒక యాప్ లోపలి డేటాని ఇంకో యాప్ చూడలేకపోవడానికి అదొక కారణం.

స్క్రీన్ మీద పేరు కనిపించింది కదా అని మనిషి మీద తీర్పు చెప్పేయకండి. "నేను చెయ్యలేదు" అని ఎవరన్నా అంటే, ముందు ఆ నంబరు చూడండి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.