ఒక రోగం పేరు

వైద్యచరిత్ర రాసేవారు సూక్ష్మదర్శినిలో కనబడ్డవాటిని గురించి విస్తారంగా రాస్తారు. రోగి తల్లి నోట విన్నవాటిని గురించి రాయడం అరుదు. క్వాషియోర్కర్ అనే మాట ఈనాడు ప్రతి వైద్య విద్యార్థికీ కంఠస్థం. అది ఏ లాటిన్ పండితుడూ కల్పించినది కాదు. అక్రా ప్రాంతపు గా భాషలో జనం వాడుకునే మాట. కొత్తబిడ్డ పుట్టగానే చంక దిగిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. రోగకారణం ఆ పేరులోనే ఉంది. దాన్ని చెవిన పెట్టినది సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు.

ఆమె 1893లో జమైకాలో, తరతరాల తోటల యజమానుల వంశంలో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధానికి మగవాళ్ళు తరలిపోయిన కాలంలో ఆక్స్‌ఫర్డులో వైద్యం చదివే అవకాశం దొరికింది. 1923లో పట్టా వచ్చింది. ఉద్యోగం మాత్రం సులభంగా రాలేదు. 1929లో వలసప్రభుత్వం ఆమెను గోల్డ్ కోస్టుకు, అంటే నేటి ఘనాకు పంపింది. స్త్రీ వైద్యాధికారి అని ప్రత్యేక హోదా, మగ వైద్యులకన్న తక్కువ జీతం! అక్కడ పాలు మాన్పించిన పసిపిల్లలు కాళ్ళు వాచి, జుట్టు ఎర్రబారి, చర్మం పొరలుపొరలుగా లేచి చనిపోతున్నారు. వారికి పెట్టేది మొక్కజొన్న గంజి. ఆమె శవపరీక్షలు స్వయంగా చేసింది. నర్సులనూ తల్లులనూ అడిగింది. 1933లో వ్యాసం ప్రకటించింది. ఇది పెల్లాగ్రాయే తప్ప కొత్త రోగమేమీ కాదని హ్యూ స్టానస్ అనే నిపుణుడు వాదించాడు. 1935లో ఆమె లాన్సెట్ పత్రికలో మళ్ళీ రాస్తూ ఆ జనం మాటనే శీర్షికగా పెట్టింది. నా దృష్టిలో ఆమె చేసిన పనులన్నిటిలోకీ సాహసమైనది ఇదే. పాలితుల మాటను పాలకుల శాస్త్రంలో ప్రమాణంగా నిలబెట్టడం ఆనాటి వలసవైద్యంలో మామూలు విషయం కాదు.

1936లో మలయాకు బదిలీ అయింది. అక్కడ ఎదురైన శత్రువు తీపి డబ్బాపాలు. నర్సుల వేషం వేసుకున్న స్త్రీలను కంపెనీలు బాలింతల ఇళ్ళకు పంపి, తల్లిపాలకన్న డబ్బాపాలే మేలని నమ్మించేవి. రొమ్ము వట్టిపోయాక పాలు మళ్ళీ పడటం కష్టం గదా; ఆ తరువాత డబ్బా కొనక తప్పదు, కొనే శక్తి చాలనివారు నీళ్ళు కలపక తప్పదు. ఈ వ్యాపారపు లోగుట్టంతా ఇందులోనే ఉంది. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్బు పెద్దమనుషుల ముందు ఆమె 'పాలు, హత్య' అనే పేరుతో ప్రసంగించింది. ఇటువంటి ప్రచారాన్ని రాజద్రోహంగా శిక్షించాలనీ, ఆ శిశుమరణాలను హత్యలుగా లెక్కించాలనీ అంది.

1942లో సింగపూర్ జపాన్ సేనల వశమయ్యాక ఆమె చాంగీ చెరలో పడింది. కొన్ని మాసాలు సైనిక పోలీసుల చేతిలో నరకయాతన అనుభవించింది. ఆ చెరలో పుట్టిన 20 మంది శిశువులూ తల్లిపాలు తాగి బతికారని తరువాత చెప్పుకుంది.

1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో మాతాశిశు విభాగానికి మొదటి అధిపతి అయింది. పోతే, ఆమె కనిపెట్టినదాన్ని ప్రపంచం ఎలా వాడుకున్నదనేది వేరే కథ. మాంసకృత్తుల లోపమే సమస్త మనే వాదం పట్టుకుని, 1950, 60 దశకాలలో ధనికదేశాలు తమ మిగులు పాలపొడిని బీదదేశాలకు దానం చేశాయి. హైదరాబాదులో పోషకాహార పరిశోధనాలయం నడిపిన సి. గోపాలన్ గారు 1968లో ఈ వాదానికి గండి కొట్టారు. కాళ్ళు వాచిన పిల్లల తిండిలోనూ, ఎండి శల్యమైన పిల్లల తిండిలోనూ మాంసకృత్తుల పాలు ఒకే తీరుగా ఉందని చూపారు. ఇద్దరికీ కరువైనది కడుపునిండా కూడు.

సిసిలీ విలియమ్స్‌ను విప్లవకారిణి అని నేననను. ఆమె సామ్రాజ్యపు జీతం తీసుకున్న ఉద్యోగిని. తల్లికి నేర్పితే బిడ్డ బతుకుతుందని ఆమె నమ్మకం. నేర్చుకున్న తల్లి తెల్లవారకముందే కూలికి పోతే బిడ్డకు పాలెవరిస్తారు? ఆ నమ్మకంలో దీనికి పూర్తి జవాబు లేదు.

1981లో ప్రపంచ ఆరోగ్య మహాసభ డబ్బాపాల విక్రయప్రచారంపై నియమావళిని ఆమోదించింది. అనుకూలం 118, వ్యతిరేకం ఒకటి. ఆ ఒకటి అమెరికాది. అప్పటికి ఆమెకు 87 ఏళ్ళు. 1992లో మరణించింది. శిశువుల డబ్బాపాల ప్రకటనలను నిషేధిస్తూ మన పార్లమెంటు చట్టం చేసిందీ ఆ ఏడే.