మట్టికోటలు, దండు విడుదులు

హైదరాబాదు చెంతనున్న నాగారమునకు పడమట తిరుమలగిరి కంటోన్మెంటు. దక్షిణమున ఉప్పల్, ఘటకేసరముల మీదుగా భువనగిరి దాటి ఓరుగల్లునకు పోవు బాట. నేలను త్రవ్వి, ఆ మన్నునే గోడగా పోసి, దాని చాటున సైన్యమును నిలుపు ప్రాచీన విద్యకు ఈ రెండు దిక్కులును సాక్ష్యములే. రోమక సైనికులు శత్రుదేశమున ఒక్క రాత్రి విడిసినను, చుట్టును కందకము త్రవ్వి, ఆ మట్టిని లోపలి వైపున కట్టగా పోసి, దానిపై కొయ్యగుంజలు పాతుట వారి నియమము. ఆ కట్టల ఆనవాళ్లు బ్రిటన్ దేశపు పచ్చికబయళ్లలో నేటికిని కన్పించును. మనకును అంతకంటె ఘనమైన మట్టికట్టలు కలవు గాని, మన చూపు రాతిమీదనే నిలిచిపోయినది.

అర్థశాస్త్రము ఈ విద్యను సాంగముగా చెప్పినది. పరిఖనుండి తీసిన మన్నుతో నాలుగు దండముల యెడమున వప్రమును పోయవలెననియు, అది ఆరు దండముల ఎత్తును దానికి రెట్టింపు వెడల్పును కలిగియుండవలెననియు, ఏనుగులచేతను ఎద్దులచేతను త్రొక్కించి, ముండ్లపొదలను విషలతలను దానిపై పెంచవలెననియు విధించినది. దండయాత్రలోని స్కంధావారమను విడిదికిని నాలుగు ద్వారములు, ఆరు మార్గములు, తొమ్మిది భాగములు చెప్పినది. రోమక శిబిరపు వీధుల ఏర్పాటు నెరిగినవారికి ఈ సామ్యము ఆశ్చర్యము గొల్పును. ఒకరిని చూచి ఒకరు నేర్చిరనుటకంటె, ఒకే భయమునకు ఒకే ఉపాయము తోచినదనుట న్యాయమని నా తలపు.

ఆంధ్రులకు ప్రాకారములు గల నగరములు ముప్పది కలవని ప్లినీ వ్రాసినాడు. పెద్దపల్లి ప్రాంతపు ధూళికట్ట మట్టికోట శాతవాహనుల కాలమునాటిది; ఆ పేరులోనే ధూళియు కట్టయు రెండును వినవచ్చుచున్నవి.

ఈ విద్య పరాకాష్ఠ నందినది ఓరుగల్లులో. కాకతీయ గణపతిదేవుడు ఆరంభించిన రాతికోటను రుద్రమదేవి ఎత్తు పెంచి, దాని వెలుపల సుమారు ఒకటిన్నర మైలు వ్యాసము గల మట్టికోటను, 150 అడుగుల వెడల్పు గల అగడ్తతో కట్టించినది. రాతిగోడకు గుండు తగిలినచో రాయి పగులును. మెత్తగా త్రొక్కిన మట్టి ఆ దెబ్బను తనలో ఇముడ్చుకొనును. 1310లో ముట్టడించిన ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేనల విజయమును వర్ణించిన అమీర్ ఖుస్రో, శత్రుపక్షమువాడయ్యును, ఈ గోడకు ఉక్కు బల్లెము నాటదనియు, యంత్రములు విసరు గుండు దానికి తగిలి వెనుకకు ఎగిరిపడుననియు ఒప్పుకొనక యుండలేకపోయెను. ఓడిపోయిన కోటకు గెలిచినవారి కవి యిచ్చిన యోగ్యతాపత్రమిది!

ఆ ముట్టడిలో కోట చుట్టును మరియొక కోట లేచినది. కాఫూర్ తన దళములలో ఒక్కొక్కదానికి 1,200 గజముల నేల పంచియిచ్చెను. ఇట్లేర్పడిన విడిది మొత్తము చుట్టుకొలత 12,546 గజములు. అడవులను నరికించి ఆ విడిదికి కొయ్యకంచె వేయించెను. కాకతీయుల పక్షమున వేయి గుఱ్ఱములతో రాత్రివేళ జరిగిన దాడి విఫలమైనది. పిదప అగడ్తను మట్టితో పూడ్చి, ఫిబ్రవరిలో వెలుపలి కోటను పట్టుకొనిరి. ప్రతాపరుద్రుడు సంధి చేసికొనెను. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతిలో నగరము కూలిపోయినది.

కోటతోపాటు చెప్పవలసినది బాటను గూర్చి. ఇనుపపట్టా వేసిన బండిచక్రములు నేలను నలుపును. వానకాలపు ప్రవాహము ఆ ధూళిని కొనిపోవును. తరములు గడచుకొలది ఇరుప్రక్కల గట్లు ఎత్తుగా నిలిచి త్రోవ లోతునకు దిగును. దానిని మనవారు డొంక అనిరి. కోటకట్ట మనుష్యులు సంకల్పించి పోసినది. డొంక ఎవరును సంకల్పింపక, నడచినవారందరును కలసి త్రవ్వినది.

మరల కోటల మాటకు వచ్చినచో, 1687లో గోల్కొండ ముట్టడియందు అగడ్త పూడ్చుటకై మొదటి మట్టిసంచిని ఔరంగజేబు తానే కుట్టెనందురు. వానలు ఆ శ్రమను కొట్టుకొనిపోయినవి. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్లేయులు తిరుమలగిరిలో కందకముతో, రాతి ముఖము గల కట్టతో రక్షణస్థలమును నిర్మించిరి. అప్పటికిని ఈ విద్య కాలము తీరలేదు.

ఇప్పుడు ఓరుగల్లు మట్టికట్ట పొదలతో నిండి, చూచువారికి చెరువుకట్టవలె తోచును. కీర్తితోరణములను చూచి మరలివచ్చు పాఠకులు ఒక్క పూట ఆ కట్ట యెక్కి కొంత దూరము నడచి రావలెనని, దానినుండి ఒక తట్టెడు మన్నైనను ఎవరును తీయకుండ చూడవలెనని నా ప్రార్థన.