ఒక సవరణ – ఒక గృహిణి

అమెరికా రాజ్యాంగమును సవరించుట సులభసాధ్యము కాదు. కాంగ్రెసు ఉభయసభలు అంగీకరించిన పిమ్మట 50 రాష్ట్రములలో 38 రాష్ట్రముల శాసనసభలు దానిని ధ్రువపరచవలెను. స్త్రీ పురుషులకు చట్టరీత్యా సమానహక్కులను ప్రసాదించు సవరణను 1971లో ప్రతినిధుల సభ 354 – 24 ఓట్లతోను, 1972 మార్చిలో సెనేటు 84 – 8 ఓట్లతోను ఆమోదించెను. ఏడాదికే ముప్పది రాష్ట్రములు సమ్మతి తెలిపెను. ఇక మిగిలినది లాంఛనమాత్రమే యని పెక్కుమంది తలచిరి. ఆ అంచనాను తలక్రిందులు చేసినది ఇల్లినాయ్ రాష్ట్రములోని ఆల్టన్ పట్టణపు గృహిణి, ఆరుగురు బిడ్డల తల్లి ఫిలిస్ ష్లాఫ్లీ.

గృహిణి యనునది ఆమె కోరి ధరించిన బిరుదు. 1924లో సెయింట్ లూయీ నగరమున జన్మించిన ఈమె యుద్ధకాలమున రాత్రులు మందుగుండు కర్మాగారములో తూటాలను పరీక్షించు కొలువు చేసి, పగలు చదివి పట్టభద్రురాలయ్యెను. 1952లోను 1970లోను కాంగ్రెసుకు పోటీచేసి ఓడెను. 1964లో గోల్డ్‌వాటర్‌ను సమర్థించుచు వ్రాసి, తానే ప్రకటించిన చిన్న పుస్తకము లక్షల ప్రతులు చెల్లెను. 1967లో రిపబ్లికన్ మహిళా సమాఖ్య అధ్యక్షపదవి కూడ చేజారెను. ఈ చివరి ఓటమియే ఆమెకు పెట్టుబడి యయ్యెనని నా తలంపు. తన పక్షమున నిలిచిన స్త్రీలకు నాటినుండి నెలనెలా ఒక లేఖాపత్రిక పంపసాగెను. 1972లో సవరణను ప్రతిఘటించు సంస్థను నెలకొల్పినపుడు ఆ పాఠకురాండ్రే సేన యైరి.

సవరణ వచ్చినచో యువతులను నిర్బంధముగా సైన్యమున చేర్తురనియు, భార్యకు భర్త పోషణపై గల హక్కు సడలుననియు ఆమె వాదించెను. ఇది లేని భయమును రేపుటయే యని ప్రత్యర్థులు ఖండించిరి. ఇంటిపట్టుననుండు స్త్రీ ఘనతను చాటుచు ఊరూర ఉపన్యసించు ఈమె, 1978లో న్యాయశాస్త్రపట్టమును సైతము పొందుట వారికి పరిహాసాస్పదమయ్యెను. పరిహాసమున న్యాయము లేకపోలేదు. కాని ఆమె లెక్క వేరు. దేశమంతటిని ఒప్పింపనక్కరలేదు, పదమూడు రాష్ట్రములు కదలకున్న చాలును!

అందుచేత ఆమె దృష్టి రాష్ట్రముల శాసనసభలపై నిలిచెను. ఆమె అనుయాయినులు ఇంట కాల్చిన రొట్టెలను, పండ్ల జామును శాసనసభ్యులకు పంచిపెట్టిరి. ఇల్లినాయ్ సభలో ధ్రువీకరణకు అయిదింట మూడువంతుల ఓట్లు కావలెనను నియమముండెను. సాధారణాధిక్యము లభించినను సవరణ అచ్చట వీగిపోవుచుండుటకు అదియే కారణము. రొట్టెకన్న ఈ నియమమే ఆమెకు అధికముగ తోడ్పడెను.

1977 నాటికి 35 రాష్ట్రములు ధ్రువపరచెను. కాంగ్రెసు గడువును పొడిగించినను మరియొక్కటి చేరలేదు. 1982 జూన్ 30వ తేదీతో ఆ గడువును తీరిపోయెను.

ఫిలిస్ ష్లాఫ్లీ 2016లో మరణించెను. 2018లో, గడువు ముగిసిన 36 ఏండ్లకు, ఆమె స్వరాష్ట్రమైన ఇల్లినాయ్ ఆ సవరణను ధ్రువపరచెను.